జర్మనీలో ఉండలేకపోతున్నా... బాబుని తీసుకుని వచ్చేయనా?

సమస్య: మాది తెనాలి. నాకు 34 ఏళ్లు. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌గా చేసేదాన్ని. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయనకు బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు అక్కడ ఇచ్చే పర్మిట్) రావడంతో మూడేళ్ల క్రితం జర్మనీ వచ్చాం, స్టుట్‌గార్ట్ దగ్గర ఉంటున్నాం. బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. నేను తెలుగులో అడిగినా వాడు జర్మన్‌లోనే జవాబు చెబుతాడు. నాకేమో కూరగాయలు కొనేంత భాష కూడా రాలేదు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి ఒక్కదాన్నే వెళ్తే, టీచరు చెప్పిందంతా బాబే నాకు తెలుగులో చెప్పాడు. ఒక ఆదివారం దోసెల పిండి రుబ్బుతుంటే కింది ఇంటావిడ వచ్చి తలుపు కొట్టింది. అప్పటినుంచి మిక్సీ వేయాలన్నా భయమే. ఈమధ్య అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. తమ్ముడు, మరదలు చూసుకుంటున్నారు. ‘వదినకేం, ఫారిన్‌లో హాయిగా ఉంది’ అని మరదలు అందట. మావారు మొదట్లో ‘పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చాక ఆలోచిద్దాం’ అన్నారు. ఇప్పుడు దానికి అప్లై చేసి, ‘జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చాక చూద్దాం’ అంటున్నారు. గట్టిగా అడిగితే ‘నువ్వు అలవాటు పడటానికి ప్రయత్నించలేదు’ అంటారు. పగలంతా పడుకునే ఉంటున్నాను. ఎవరికైనా చెబితే, అంత మంచి దేశంలో ఉండి ఏడుపేంటి అంటారని సిగ్గు. బాబుని తీసుకుని వచ్చేయనా?

– ఒక సోదరి

సలహా: మీకు జర్మనీయే సరిపడటం లేదో, అక్కడ మీరు బతుకుతున్న తీరు సరిపడటం లేదో తేలకుండా విమానం ఎక్కితే, ఆ అనుమానం మీతోపాటే తెనాలి వస్తుంది. మూడేళ్లుగా ఆ దేశంతో మీ వ్యవహారమంతా ఇద్దరి ద్వారానే నడుస్తోంది. ఆఫీసులు, బ్యాంకు, ఇంటి ఓనరు మీ ఆయన ద్వారా. స్కూలు, ఇరుగుపొరుగు బాబు ద్వారా. క్లాసులో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషికి కూరగాయల కొట్లో నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో ఊహించగలను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పేరెంట్స్ మీటింగ్ విషయం మీరు ఒక్క ముక్కలో దాటేశారు. అన్నిటికన్నా ముందు సరిచేయాల్సింది అదే అంటాను. టీచరు తన గురించే చెబుతుంటే, అందులో ఏది అమ్మకు చెప్పాలి, ఏది మింగేయాలి అని ఏడేళ్ల పిల్లాడు అక్కడికక్కడ తేల్చుకోవాలి. ‘పక్కవాడితో గొడవ పడుతున్నాడు’ అని టీచరు అంటే ‘బాగానే చదువుతున్నానట’ అని చెప్పేయడం ఏ పిల్లాడైనా చేసే పనే. అబద్ధంతో అంత ప్రమాదం లేదు. ఇంట్లో అమ్మకన్నా తనకే ఎక్కువ తెలుసని వాడి మనసులో పడిపోతే, పదిహేనేళ్ల వయసులో వాడికి ‘వద్దు’ అని చెప్పడం కష్టమవుతుంది. వచ్చే మీటింగ్‌కి ముందే టీచరుకు ఈమెయిల్ పెట్టండి. ఫోన్‌లో అనువాదం చేసుకుని రాసినా చాలు. దుబాసీ దొరుకుతారా, లేదంటే ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవచ్చా అని అడగండి. రెండూ కుదరకపోతే మీ ఆయనకు వీలైన రోజుకు మార్పించండి. బాబు ఆ టైములో బయట ఆడుకోవాలి.

వాడు జర్మన్‌లో జవాబిస్తున్నాడని మీరు తెలుగు ఆపకండి, అలాగని తిట్టి మాట్లాడించకండి. రాత్రి పడుకోబోయే ముందు పావుగంట తెలుగు కథ చదవండి. అక్షరాల మీద వేలు పెట్టి చూపించండి. రేపు వెనక్కి వస్తే ఇక్కడి స్కూళ్లలో తెలుగు తప్పదు. రాకపోయినా అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడాలంటే వాడికి తెలుగు తప్ప వేరే దారి లేదు.

‘ప్రయత్నించలేదు’ అన్న మాటలో సగం న్యాయం ఉంది, సగం లేదు. వలస వచ్చినవారి కోసం అక్కడి ప్రభుత్వం పెట్టిన ఇంటిగ్రేషన్ కోర్సులో బి1 స్థాయి (రోజువారీ పనులు సొంతంగా నెట్టుకురాగలిగేంత భాష) దాకా తీసుకెళ్లడానికి మామూలుగా 600 గంటల భాషా తరగతులు పెడతారు. ఆ దేశ చరిత్ర, చట్టాల మీద ఇంకో 100 గంటలు. కాబట్టి వంటింట్లో ఫోన్ పక్కన పెట్టుకుని యాప్‌లో నేర్చుకోలేకపోయానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆఫీసులో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చేవారికి ఈ 600 గంటల బరువు తెలియకపోవచ్చు. అయితే క్లాసుకు వెళ్లకుండా ఆ భాష రాదన్నదీ నిజమే. ఫోల్క్స్‌హోక్‌షూలే అని పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రాలు జర్మనీ అంతటా ఉన్నాయి, మీ దగ్గర్లోనూ ఉంటుంది. బాబు స్కూల్లో ఉండే ఉదయం బ్యాచ్ అడగండి. సాయంత్రం బ్యాచే దొరికితే, ఆ రోజుల్లో పెందరాళే ఇంటికి రావాల్సింది మీ ఆయన. ప్రయత్నించమన్నవారు ఆ మాత్రం టైము ఇవ్వాలి.

ఉద్యోగం ఊసే మీరు ఎత్తలేదు. బ్లూ కార్డ్ మీద ఉన్నవారి భార్య అక్కడ ఏ ఉద్యోగమైనా, సొంత పనైనా చేసుకోవచ్చు. అమెరికాలో హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల భార్యలకు ఇచ్చేది) మీద ఉన్న ఆడవాళ్లు ఉద్యోగం కోసం పడే ఇబ్బంది మీకు లేదు. స్కూలు టీచరు పోస్టుకు మాత్రం దారి పొడవు. రాష్ట్రానికో పద్ధతి. సాధారణంగా రెండు సబ్జెక్టులు, బి1 కన్నా బాగా పైనుండే సి1, సి2 స్థాయి భాష అడుగుతారు. స్కూలు అయ్యాక పిల్లల్ని చూసుకునే చోట సహాయకురాలిగా మొదలుపెట్టడం అంతకన్నా దగ్గరి దారి. ఆన్‌లైన్‌లో మన పిల్లలకు లెక్కలు చెబుతానంటే చెప్పండి, అక్కడి పన్ను లెక్కల్లో ఆ ఆదాయం చూపండి. కానీ దాంతో చేతిలో డబ్బు ఆడుతుందే గానీ మీరు గడప దాటరు. నా ఓటు క్లాసుకే.

కింది ఇంటావిడ సంగతి పెద్దది చేసుకోకండి. ఆదివారం అక్కడ షాపులే మూసేస్తారు, ఇళ్లలో చప్పుడు ఎవరు చేసినా ఊరుకోరు. మన మిక్సీ ఎలా అరుస్తుందో మనకు తెలియంది కాదు! శనివారం రుబ్బుకోండి.

ఇక మీ ఆయన వాయిదాలు. ఆయన్ని విలన్‌ని చేయడం నాకిష్టం లేదు. మీరుండే ప్రాంతం కార్ల పరిశ్రమ మీద నడిచేది, కొన్నాళ్లుగా అక్కడ ఉద్యోగాల కోత వార్తలు వింటూనే ఉన్నాం. బ్లూ కార్డ్ ఉద్యోగంతో ముడిపడినది కాబట్టి పీఆర్ చేతికొస్తే తప్ప ఆయనకు నిద్ర పట్టదు. కానీ పీఆర్ తర్వాత పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్ తర్వాత ఇల్లు అని గీత జరుపుకుంటూ పోతే మీకు ఊపిరాడదు. పౌరసత్వానికి 2024 జూన్ నుంచి ఎనిమిదేళ్లకు బదులు ఐదేళ్ల నివాసం చాలు. దానికీ బి1 కావాలి. మీ ఆయన ఆ పరీక్ష రాశారా? కోపంగా కాదు, మామూలుగా అడిగి చూడండి. ఇద్దరూ ఒకే క్లాసులో చేరాల్సి రావచ్చు.

ఇంకో సంగతి ఆయన ఆలోచించారో లేదో. జర్మనీ ఇప్పుడు రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటోంది, మన దేశం ఒప్పుకోదు. ఆ పాస్‌పోర్ట్ తీసుకున్న రోజున ఇక్కడి పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. కానీ ఓటు ఉండదు, పొలం కొనలేరు. వారసత్వంగా వచ్చే పొలానికి అడ్డు లేదు. వెనక్కి రావాలన్న ఆలోచన ఆయనకు నిజంగా ఉంటే ఈ పాస్‌పోర్ట్ దేనికో ఆయన నోటితోనే చెప్పించండి. ‘నాకు తిరిగి రావాలని లేదు’ అంటే, బాధగా ఉన్నా, ‘చూద్దాం’ కన్నా అదే నయం.

గడువు మీరే పెట్టుకోండి. మీ రాష్ట్రంలో ప్రైమరీ స్కూలు నాలుగో తరగతితో అయిపోతుంది, ఆపైన యూనివర్సిటీ చదువు వైపు తీసుకెళ్లే గిమ్నాజియమా, ఎక్కువగా ఉద్యోగ శిక్షణ వైపు తీసుకెళ్లే రియాల్‌షూలేనా అని పిల్లల దారులు వేరవుతాయి. బాబు మూడో తరగతి పూర్తిచేసే వేసవికల్లా ఉంటామో, వస్తామో తేల్చుకుందామని ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. ఈలోపు మీరు క్లాసుకు వెళ్తారు, ఆయన కొత్త షరతు పెట్టరు. అప్పటికీ మీకు రావాలనే ఉంటే దాన్ని ‘అలవాటు పడలేదు’ అని కొట్టిపారేయడానికి ఆయనకు వీలుండదు. అంతేగానీ, ఆయన ఒప్పుకోకుండా బాబుని తీసుకొచ్చేయడం మాత్రం వద్దు. అక్కడి చట్టం ప్రకారం పెళ్లయిన తల్లిదండ్రులిద్దరికీ పిల్లాడి మీద సమాన హక్కు. క్రిమినల్ కేసు దాకా వెళ్లొచ్చు, మధ్యలో నలిగేది పిల్లాడు.

అమ్మను చూసి రావడానికి ఆ గడువు దాకా ఆగక్కర్లేదు. వేసవి సెలవులు మీ దగ్గర జులై చివర్లో మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి. టికెట్లు ఇప్పుడే చూసుకోండి. సెలవులు లేనప్పుడు అనుమతి లేకుండా పిల్లాడిని బడి మాన్పిస్తే అక్కడ ఊరుకోరు, జరిమానా కూడా వేస్తారు. అమ్మకు మీరు వెంటనే కావాలనిపిస్తే బాబుని ఆయన దగ్గర ఉంచి ఒక్కరే వెళ్లండి. బ్లూ కార్డ్ కుటుంబాలకు సాధారణంగా 12 నెలల దాకా దేశం బయట ఉన్నా పర్మిట్ పోదు, అయితే ఆ వెళ్లడం తాత్కాలికమై ఉండాలి. బయలుదేరే ముందు విదేశీయుల కార్యాలయం నుంచి కాగితం మీద రాయించుకోండి. ఇలాంటి వాటికి కారితాస్, డియాకోనీ సంస్థల వలస సలహా కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు.

మరదలి మాట గుచ్చుకోవడం సహజం. కానీ తుంటి ఆపరేషన్ అయిన మనిషిని మంచం దించి, బాత్రూంకి నడిపించి, మళ్లీ పడుకోబెట్టేది ఆవిడే. తమ్ముడితో కాకుండా నేరుగా ఆవిడకే ఫోన్ చేయండి. ‘నీకు ఏ పూట ఎక్కువ కష్టంగా ఉంది?’ అని అడగండి. ఆ పూటకు ఒక ఆయాను మాట్లాడి, జీతం మీరు పంపండి.

పగలంతా పడుకోవడం గురించి చివర్లో రాస్తున్నానని చిన్నదనుకోకండి. శీతాకాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ రోజుల్లో నీరసం చాలామందికి ఉంటుంది. అయితే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు, నిద్ర తేడాలు రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్ ఏమో డాక్టరే చూడాలి. మీ ఫ్యామిలీ డాక్టరు దగ్గర ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని, మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి, బాబుని కాదు.