ఆదివారం అందరికీ సెలవు, నాకు రెట్టింపు పని

ప్రశ్న: మాది చీరాల. టీచర్‌ని. ఆదివారం నాలుగున్నరకే లేచి టిఫిను, పిల్లల తలస్నానాలు, తొమ్మిదికి చర్చిలో ఆరాధన. ఒంటిగంటకు ఇంటికొచ్చేసరికి ఆడపడుచు కుటుంబం, ఒక్కోసారి పాస్టర్ అయ్యగారు కూడా భోజనానికి. సాయంత్రం ఉతుకుడు, ఇస్త్రీ, ఇడ్లీ పిండి. విసుక్కుంటే ప్రభువు దినాన సణగడం పాపమంటారు అత్తయ్య. శనివారం రాత్రి నుంచే గుబులు. నా విశ్వాసం తగ్గిపోయిందా?

జవాబు: విశ్వాసం తగ్గలేదమ్మా, ఒళ్లు అలిసిపోయింది. బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ కొడుకును, కూతురును, దాసుణ్ణి, దాసిని, చివరికి పశువును కూడా పేరుపేరునా చెబుతుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం దానికి కారణం కూడా చెబుతుంది: ఐగుప్తులో (ఈజిప్టులో) మీరూ బానిసలే, కాబట్టి మీలాగే మీ దాసదాసీలూ విశ్రమించాలి. పనిమనిషికే ఆ హక్కుంటే ఇల్లాలికి లేకుండా ఎలా పోతుంది? మీరు పొయ్యి దగ్గర నిలబడి ఉన్నంతసేపు మీవారి విశ్రాంతి కూడా పూర్తయినట్టు కాదు. ఈ మాట ఆయనకు తెలియాలి.

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం, మన్నా సంగతి గుర్తుంది కదా. విశ్రాంతి దినానికి ముందు, ఆరో రోజున తలకు రెండు ఓమెరులు (అప్పటి కొలత), అంటే రోజూకంటే రెట్టింపు కూర్చుకుని, వండుకునేది ఆ రోజే వండుకోమన్నారు. ఎవరి గుడారానికి వాళ్లే కూర్చుకోవాలి. అంటే ముందురోజు సిద్ధపాటు ఇంటిల్లిపాదిదీ. చాలా ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే. ఆదివారం పనంతా శనివారానికి జరిపి, అదీ ఇల్లాలే చేస్తే రాత్రి పదకొండు దాటుతుంది. మరునాడు ఆరాధనలో కునికిపాట్లు తప్పవు.

ఉతుకుడు శుక్రవారమే అయిపోవాలి, ఇస్త్రీ మీవారిది. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన శనివారం మధ్యాహ్నం రుబ్బితే పిండి రాత్రికి పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే సోమవారం టిఫినుకూ అదే. ఆదివారం భోజనానికి పులిహోర చాలు. అరకిలో బియ్యానికి 60-70 గ్రాముల చింతపండుతో పులుసు ఉడికించి, పోపు కలిపి శనివారమే పెట్టుకోండి. అన్నం మాత్రం ముందురోజు వండొద్దు, మన ఎండలకు బయట ఉంటే పాడైపోతుంది. ఆరాధన నుంచి వచ్చాక కుక్కర్ మీవారు పెడతారు. కోడికూర కావాలంటే శనివారం వండి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించండి. ఆడపడుచు గారిని ఒక కూర తెమ్మని అడగడం తప్పేమీ కాదు. అయ్యగారి భోజనం నెలకొక్కసారి మీ వంతని పాస్టరమ్మగారితో చెప్పండి, సంఘంలో మిగతా ఇళ్లూ ఉన్నాయి.

మొదటే 24 గంటల విశ్రాంతి పెట్టుకోవద్దు. నాలుగు ఆదివారాలు రెండు నుంచి ఆరు వరకు చాలు: పొయ్యి, వాషింగ్ మెషిన్, దిద్దాల్సిన నోటు పుస్తకాలు, ఫోను, ఏదీ ముట్టొద్దు. మొదటి గంట చేతులు పని కోసం వెతుక్కుంటాయి, తప్పు చేస్తున్నట్టనిపిస్తుంది. అలవాటు తప్పినందుకే అది, లేచి గిన్నెలు తోమేయకండి.

ఇన్ని చేశాక కూడా నెలన్నరలో నీరసం, గుబులు తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

మీవారితో ఆదివారం అలసట మీద మాట్లాడొద్దు, అత్తయ్యగారి ముందూ వద్దు. బుధవారం పిల్లలు పడుకున్నాక ఆ రెండు అధ్యాయాలూ కలిసి చదవండి. తర్వాత ఒక్కటే అడగండి: "ఈ శనివారం ఇస్త్రీ, ఆదివారం అన్నం మీరు చూసుకుంటారా?"