సరళమైన ఓపెన్ సోర్స్ అలారం, టైమర్ యాప్‌లలో ఏది మేలు?

ప్రకటనలు లేని, మూల కోడ్ అందరికీ అందుబాటులో ఉండే గడియారం యాప్ ఆండ్రాయిడ్ ఫోనుకు కావాలనుకుంటే ఫాసిఫై క్లాక్, క్రోనో, టైమర్ మెషీన్ అనే మూడింటిని పరిశీలించవచ్చు. ఇవి ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోరులో ఉచితంగా లభిస్తాయి.

రోజువారీ అవసరాలకు నా మొగ్గు ఫాసిఫై క్లాక్ వైపే. సింపుల్ మొబైల్ టూల్స్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల సమూహం 2023లో ఒక వాణిజ్య సంస్థ చేతికి వెళ్లినప్పుడు, దాని పాత కోడ్ ఆధారంగా స్వచ్ఛంద అభివృద్ధికారులు విడిగా కొనసాగిస్తున్న రూపం ఇది. అలారం, టైమర్, స్టాప్‌వాచ్ మూడూ ఇందులో ఉన్నాయి, అంతకు మించిన ఆర్భాటం లేదు. అలారం మోగగానే ఆపేసి మళ్లీ నిద్రపోయేవారికి క్రోనో నయం, ఎందుకంటే ఒక గణిత లెక్కకు సరైన జవాబు ఇస్తేనే మోత ఆగేలా అందులో అమర్చుకోవచ్చు. వ్యాయామంలోలాగా పని, విరామం అనే దశలు ఒకదాని తరువాత ఒకటి పలుమార్లు తిరగాలంటే మాత్రం టైమర్ మెషీన్ తగినది.

అయితే యాప్ ఎంపిక కన్నా ఫోను అమరికలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఫోను వాడకుండా ఉన్నప్పుడు యాప్‌ల పనిని తగ్గించే, ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన డోజ్ విధానానికి తోడు, కొందరు తయారీదారులు బ్యాటరీ ఆదా కోసం నేపథ్యంలోని యాప్‌లను కఠినంగా మూసివేస్తారు కాబట్టి, అలారం ఆలస్యంగా మోగడమో, అసలు మోగకపోవడమో జరగవచ్చు. అందువల్ల ఎంచుకున్న యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు, నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి, స్క్రీన్ ఆపి ఉంచి ఒకసారి పరీక్షించిన తరువాతే ముఖ్యమైన పనులకు దానిని వాడాలి.