బ్రోచర్‌లో లేని సన్‌రూఫ్ ఇస్తామన్నారు, ఇప్పుడు అడ్వాన్సులో కోత అంటున్నారు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. విశాఖపట్నం షోరూమ్‌లో 14 లక్షల కారు బుక్ చేసి, లక్షన్నర అడ్వాన్సు ఆన్‌లైన్‌లో కట్టాను. నేనడిగిన డీజిల్ మాన్యువల్‌కి సన్‌రూఫ్ విదేశాల్లోనే ఇస్తారట. స్పెషల్ ఆర్డర్ మీద ఐదు నెలల్లో తెప్పిస్తామన్నారు. ఇప్పుడేమో కంపెనీ ఒప్పుకోలేదు, మామూలు బండి తీసుకుంటే పైకప్పు కోయించి మేమే పెట్టిస్తాం, వద్దంటే 50 వేలు పట్టుకుంటాం అంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: పైకప్పు కోతకు మాత్రం ఒప్పుకోకండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న బండిలో అవి పైకప్పు అంచుల్లోనే ఉంటాయి. పైకప్పు కింది అడ్డ పట్టీ తెగితే బాడీ బలం తగ్గుతుంది, వానాకాలం నీళ్లు కారతాయి, వారంటీ పోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అది పడేది యజమానికే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి ఇదో సాకు.

ఇక 50 వేల సంగతి. ఆర్డర్ ఫారంలో రద్దయితే అడ్వాన్సులో కోత అని అచ్చు వేసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం డీలర్‌కు సమంజసమైన పరిహారమే దక్కుతుంది. పైగా ఇక్కడ మాట తప్పింది మీరు కాదు. కంపెనీ నిజంగానే ఆ బండి తయారు చేసి పంపాక మీరు వద్దని ఉంటే డీలర్ వాదనకు బలం ఉండేది, అలాంటి బండి మరొకరికి అమ్మడం కష్టం కాబట్టి.

అసలు ఆర్డర్ కంపెనీదాకా వెళ్లిందా? నా అనుమానం అక్కడే. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈరోజే ఈమెయిల్ పెట్టి, మీ పేరు మీద స్పెషల్ ఆర్డర్ ఏ తేదీన అందింది, ఎందుకు తిరస్కరించారు అని అడగండి. రాలేదని జవాబొస్తే డీలర్‌పై అనుచిత వాణిజ్య పద్ధతి ఆరోపణకు అదే మీ ముఖ్య సాక్ష్యం. ఆర్డర్ ఫారంలో సన్‌రూఫ్ ఆప్షన్ రాయకపోయినా కొటేషన్, వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. చాట్ చెరపకండి.

కేసు వేయాల్సి వస్తే కంపెనీని కూడా పార్టీగా చేర్చండి గానీ దానిమీదే ఆశ పెట్టుకోకండి. డీలర్ చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపించకపోతే అది బాధ్యత వహించదని 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మొత్తం లక్షన్నర, వడ్డీతో 15 రోజుల్లో ఇవ్వాలంటూ డీలర్‌కీ, కంపెనీకీ ఇంగ్లీషులో స్పీడ్ పోస్టు నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దానికోసం విశాఖ తిరగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 34 వల్ల మీరు నివసించే గజపతి జిల్లాలోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వివాదం పుట్టినప్పటి నుంచి రెండేళ్లే గడువు. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయండి. బుకింగ్ మీ వ్యాపార సంస్థ పేరున ఉంటే, వినియోగదారు కాదనే అభ్యంతరం మొదట్లోనే వస్తుందని గుర్తుంచుకోండి.

మామూలు బండికే రాజీపడితే పాత ఫారం రద్దు, కొత్త ధర రాతలో తీసుకోండి. ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఫారం 22 (బండి ప్రమాణాల ప్రకారం ఉందనే సర్టిఫికెట్)లోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండితో సరిచూసుకున్నాకే డెలివరీ తీసుకోండి. విశాఖలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించి, ఒడిశాలో గజపతి జిల్లా కోడ్ ఓడీ-20 కింద శాశ్వతంగా చేయించాలి.