కవరు మీద రాయని పేరు

చి. కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో పీహెచ్‌డీ సీటొచ్చిందనీ, అక్కడి పక్షుల జన్యువుల మీద పనట అనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. అడవులు తిరిగి విత్తనాలు పోగేసినదాన్ని కదా, కాస్త విను.

1990ల్లో పాడేరు దగ్గర ఓ గూడెంలో ముసలమ్మ ఒకావిడ నా చేతిసంచిలో రెండు దోసిళ్ల చోళ్లు పోసింది. ఊరు, తేదీ, నేల రంగు, అన్నీ కవరు మీద రాసుకున్నాను. ఆమె పేరు అడగలేదు. ఆ గింజలకి తర్వాత ఒక నంబరు పడింది. ఆ నంబరు పట్టుకుని వెతికితే నా పేరు దొరుకుతుంది, ఆమెది దొరకదు. కవరు మీద చోటు లేక కాదురా, నాకు తోచలేదు.

మీకైతే గింజ కూడా అక్కర్లేదు, రక్తపు చుక్క చాలు. గింజని వెనక్కి ఇవ్వొచ్చు. సర్వర్లోకెక్కి నలుగురూ దించుకున్న డేటాని ఎవరు వెనక్కి తెస్తారు? అక్కడి ఆదివాసులు మావోరీలు తమ మొక్కలు, జీవాల మీద హక్కు కోసం 1991లోనే వాయితంగి ట్రిబ్యునల్‌కెక్కారు, ప్రభుత్వం మీద వాళ్ల ఫిర్యాదులు వినే సంఘమది. నివేదిక వచ్చేసరికి 2011! మన కోర్టులే నయం అనిపిస్తుంది ఒక్కోసారి.

2020లో అచ్చయిన టువటారా (బల్లిలా ఉండే అక్కడి జీవి) జన్యుపటం పేపర్ చదువు. న్గాతివాయ్ తెగవాళ్లు అందులో భాగస్వాములు, రచయితల వరసలో వాళ్ల ట్రస్టు బోర్డు పేరుంది. ఎగరలేని చిలుక కాకాపో డేటా కావాలన్నా ప్రభుత్వ శాఖకి అర్జీ పెట్టుకోవాలి, న్గాయి తాహు తెగవాళ్ల మాటా ఉండాలి. వాళ్లు తమని కైతియాకి అంటారు. యజమాని అని కాదు, కాపరి అని.

అందుకని నమూనా తీయకముందే కాగితం మీద పెట్టు: డేటా ఎక్కడుంటుంది, తలుపు ఎవరు తీస్తారు, నువ్వు డిగ్రీ పుచ్చుకుని వచ్చేశాక ఎవరిని అడగాలి. ఒక ప్రశ్నకి ఇచ్చిన అనుమతితో రెండో ప్రశ్న జోలికి పోకు, మళ్లీ వెళ్లి అడుగు. గైడు తొందరపెడతాడు, పెట్టనీ.

మొదటిసారి కలిసినప్పుడు ల్యాప్‌టాప్ తెరవకు. తినడానికేదైనా పట్టుకెళ్లు. పరిచయాల్లో వాళ్లు తమ కొండ పేరు, నది పేరు చెబుతారు. నీ వంతొస్తే గోదారి అని చెప్పు.

మీ పెద్దమ్మ