మృగశిర నీహారికను చూడబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి హనుమకొండ నుండి మీ తాత దీవించి వ్రాయునది.

ఓరియన్ నీహారికను, అంటే మృగశిర చుక్కల దగ్గరి వాయు ధూళి మేఘాన్ని, డాబా మీది నుండి బైనాక్యులర్‌తో చూశానని, ఫోటోల్లోని గులాబీ రంగు లేక బూడిదవన్నె మసక మాత్రమే కనిపించిందని నీవు రాసిన ఉత్తరం అందింది. బిడ్డా, నీవు చూసింది దానినే. అయితే చూడవలసినంత సేపు చూడలేదని నాకు అనిపిస్తున్నది.

ముందు రంగు సంగతి చెబుతాను. అక్కడి హైడ్రోజన్ ముఖ్యంగా 656 నానోమీటర్ల ఎర్రని కాంతిని వెదజల్లుతుంది. చీకట్లో పనిచేసే మన కంటి దండకణాలకు రంగుల తేడా తెలియదు, ఆ ఎరుపైతే దాదాపు ఆననే ఆనదు. కెమెరా ఆ వెలుగును నిమిషాల తరబడి పోగుచేసుకుంటుంది, కన్ను ఆ పని చేయలేదు. కాబట్టి రంగును వెతకడం మాని ఆకారాన్ని చూడు.

వీధిదీపాల నడుమ అదీ సాధ్యం కాదు గనుక మీ నాన్నను తోడు తీసుకొని పాకాల చెరువు వైపు వెళ్ళు. మేడారం జాతర రోజుల్లో మాఘ పున్నమి వెన్నెల ఉంటుంది, అప్పుడు వద్దు. శివరాత్రి నాటి చీకటి ఎంతో అనువైనది. రాత్రి ఎనిమిది ప్రాంతంలో దక్షిణానికి తిరిగితే ఓరియన్ నడుము దగ్గర వరుసగా ఉండే గొల్లకావడి మూడు చుక్కలు బాగా ఎత్తున ఉంటాయి, వాటి కింద వేలాడే చిన్న వరుసలో నడుమ ఉన్న మసకే నీహారిక. (మిరుగం కార్తెలో సూర్యుడు ఆ దాపునే ఉంటాడు, అందుకే అప్పుడు కనబడదు.)

నులక మంచం మీద వెల్లకిలా పడుకొని, మోచేతులను పక్కటెముకలకు ఆనించి పట్టుకుంటే బైనాక్యులర్ వణకదు. అరగంట దాకా ఫోన్ తెరవకు. ఒకసారి నేను పాకాల కట్ట మీద చలిలో 40 నిమిషాలు కూర్చొని, గడియారం చూద్దామని టార్చి వేసి, కుదురుకున్న చూపంతా ఒక్క క్షణంలో పోగొట్టుకున్నాను. టార్చి తప్పనిసరి అయితే దాని ముఖానికి ఎర్ర కాగితం కట్టు. ఆ తరువాత మసకను సూటిగా కాక, దాని పక్కనున్న చుక్కను చూస్తున్నట్లు ఉండు. కంటి నడిమధ్యలో దండకణాలు లేవు, ఓరచూపుకే మసక వెలుగు చిక్కుతుంది. కొంతసేపటికి రెక్కలు విప్పినట్లు పొగ ఇరువైపులా పరుచుకొని, కాంతివంతమైన నడిభాగంలోకి ఒక నల్లని గండి చొచ్చుకొని రావడం తెలుస్తుంది.

ఆ నడిభాగంలో ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాలున్నాయి, వాటిని విడదీసి చూడడానికి మీ కాలేజీ టెలిస్కోపును 40 రెట్ల దగ్గర పెట్టు. వాటిలో అన్నిటికన్నా వేడిదాని అతినీలలోహిత కిరణాలే చుట్టూ ఉన్న వాయువును వెలిగిస్తున్నాయి. ఆ గుంపు నక్షత్రాల వయసు ఇంచుమించు పది లక్షల ఏళ్ళే, నక్షత్రాల లెక్కలో పురిటి పిల్లలు. వాటిలో కొన్నింటి చుట్టూ గ్రహాలు రూపుదిద్దుకోగల ధూళి పళ్ళేలను హబుల్ టెలిస్కోపు చూపించింది. దూరం దాదాపు 1,350 కాంతి సంవత్సరాలు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టేనాటికే, నీ కంటికి చేరబోయే ఆ వెలుగు బయలుదేరి సుమారు ఐదు వందల ఏళ్ళు గడిచాయి.

చూసినదాన్ని అక్కడే మెత్తని పెన్సిల్‌తో గీయి. తెల్ల కాగితం మీద వెలుగున్న చోటును నల్లగా గీసి, అంచులను వేలికొనతో అలుకు. పక్కన తేదీ, వేళ వేసి, కాగితాన్ని మడవకుండా నాకు తెచ్చి చూపించు.

ఇట్లు,
మీ తాత