రైటింగ్ ప్యాడ్ ఉన్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కొనే ముందు

విద్యార్థుల కోసం రైటింగ్ ప్యాడ్‌తో (పెన్ను మొనతో నొక్కి రాసి, బటన్ నొక్కి చెరిపే ఎలక్ట్రానిక్ పలకతో) కలిపి వస్తున్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయికి ఈ ఏడాది త్రికోణమితి, సంవర్గమానాలు మొదలయ్యాయి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కొందామని వెళితే, ఒక పక్క బటన్లు, మరో పక్క రాసుకోవడానికి చిన్న ప్యాడ్ ఉండి పుస్తకంలా మడిచే రకం చూపించారు. రెండూ ఒకదానిలోనే వస్తున్నాయి కనుక అదే తీసుకుందామని మావారు అంటున్నారు. రెండు పనుల వస్తువు ఏ పనీ సరిగా చేయదేమోనని నా అనుమానం. దేనిని చూసి ఎంచుకోవాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అనుమానంలోనూ నిజముంది, మీవారి మాటలోనూ నిజముంది. అయితే అంతకంటే ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మీరు చెప్పిన రకంలో ఆ ప్యాడ్‌కూ క్యాలిక్యులేటర్‌కూ ఒకే అట్టలో ఇమిడి ఉండడం తప్ప వేరే సంబంధం ఉండదు. ప్యాడ్ మీద రాసిన లెక్కను యంత్రం చదవదు, చేయదు, దాచుకోదు. రాసిన సమీకరణానికి పక్క తెర మీద జవాబు వస్తుందని పిల్లలు ఆశపడితే, ఆ సంగతి కొనకముందే చెప్పడం మంచిది.

కాబట్టి ప్యాడ్ లేదనుకొని మొదట క్యాలిక్యులేటర్‌ను పరీక్షించండి. అది నిలబడితేనే ప్యాడ్ సంగతి చూడండి. ప్యాడ్ ముచ్చటగా ఉందని నాసిరకం క్యాలిక్యులేటర్ కొంటే, రేపు లెక్క తప్పినప్పుడు మీ అమ్మాయి తన తెలివిని అనుమానించుకుంటుందే తప్ప యంత్రాన్ని అనుమానించదు. చదువుకొనే పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

క్యాలిక్యులేటర్‌లో ముందుగా చూడవలసింది తెర. రెండు వరుసల తెర ఉన్నవాటిలో మనం నొక్కినది పై వరుసలోనూ, జవాబు కింది వరుసలోనూ కనిపిస్తాయి. భిన్నాలు, వర్గమూలాలు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే కనిపించేవి రెండో రకం. తేడా ఎక్కడ వస్తుందంటే, లవం 1, హారం 2+3 అయిన భిన్నాన్ని మొదటి రకంలో తొందరపడి 1÷2+3 అని నొక్కితే 3.5 వస్తుంది, అసలు జవాబు 0.2. హారాన్ని బ్రాకెట్లలో పెట్టాలని తెలిసిన పిల్లలు కూడా పరీక్ష ఒత్తిడిలో మరచిపోతారు. పుస్తకంలోలా చూపే తెర మీద హారం గీత కిందనే కనిపిస్తుంది కనుక ఈ పొరపాటుకు చోటు తక్కువ. ప్యాడ్‌తో వచ్చే చాలా మోడళ్లు రెండు వరుసల రకమేనన్న సంగతి గుర్తుంచుకోండి. బ్రాకెట్లు పెట్టే అలవాటు గట్టిగా ఉన్న విద్యార్థికి అది లోపమేమీ కాదు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే ఫంక్షన్ల సంఖ్యను చూసి మాత్రం నిర్ణయించకండి. ఎన్నో ఏళ్లుగా విద్యార్థుల చేతుల్లో నలిగిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్ మీద ఉన్న సంఖ్య 240. అదే సంస్థ ఎఫ్‌ఎక్స్-991ఈఎక్స్‌కు చెప్పినది 552. పాఠశాల స్థాయిలో త్రికోణమితి, సంవర్గమానాలు, ఘాతాలు, ప్రస్తారాలు, సంయోగాలు, డిగ్రీలు-నిమిషాలు-సెకన్లు, సగటు, ప్రామాణిక విచలనం ఉంటే చాలు. ఇవన్నీ 240లో ఇమిడిపోతాయి. మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సమీకరణాల సాధన, సంఖ్యాత్మక సమాకలనం కావలసి వచ్చేది ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం వంటి చదువులలో. మీ అమ్మాయి అటువైపు వెళ్లాలనుకుంటే ఇప్పుడే పెద్దది కొనవచ్చు. లేదంటే వాడని బటన్లు తికమకనే పెంచుతాయి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇలాంటి క్యాలిక్యులేటర్‌ను పరీక్ష హాలులోకి అనుమతిస్తారా? ఒక్కో సీనియర్ ఒక్కో మాట చెబుతున్నారు.
— ఒక విద్యార్థి

జవాబు: సీనియర్ల మాట మీద కాదు, మీ పరీక్ష నిర్వహించేవారి లిఖిత నియమాల మీద ఆధారపడండి. కొన్ని పరీక్షలలో క్యాలిక్యులేటర్‌నే అనుమతించరు. కొన్నింటిలో కంప్యూటర్ తెర మీదే క్యాలిక్యులేటర్ ఇస్తారు. మరికొన్నింటిలో అనుమతించే మోడళ్ల పట్టిక ప్రకటిస్తారు. పట్టిక లేనిచోట సాధారణంగా ఉండే నిషేధం ఏమిటంటే, రాసినది నిల్వ చేసుకోగల పరికరం, ప్రోగ్రామ్ చేయగల పరికరం, ఇతర పరికరాలతో సంబంధం పెట్టుకోగల పరికరం తేకూడదన్నది.

ఇక్కడే ప్యాడ్‌తో ఇబ్బంది వస్తుంది. దాని మీద రాసినది నిలిచి ఉండడానికి విద్యుత్తు అక్కరలేదు. రాత్రి రాసి మడిచిన పుటెడు సూత్రాలు తెల్లవారి హాలులో విప్పేసరికి చెక్కుచెదరకుండా ఉంటాయి. మీకు అలాంటి ఉద్దేశం లేకపోవచ్చు, కానీ పర్యవేక్షకులకు మీ మనసు తెలియదు. పరికరాన్ని చూసి నిర్ణయించడం వారి విధి. ప్యాడ్‌ను చెరిపి చూపించినా, పరీక్ష మధ్యలో దాని మీద రాసి పక్కవారికి చూపవచ్చన్న అభ్యంతరం మిగిలే ఉంటుంది. కొన్ని మోడళ్లలో ప్యాడ్ విడిగా వచ్చేస్తుంది. అలాంటిదైతే ఆశ ఉంది, కానీ క్యాలిక్యులేటర్ మోడల్ పేరు కూడా పట్టికకు సరిపోవాలి. ప్యాడ్‌తో వచ్చే వాటిలో కొన్నింటి బటన్ల అమరిక పేరున్న మోడళ్లను పోలి ఉంటుంది. ఆ పోలిక చూసి అనుమతి దొరుకుతుందని అనుకోవద్దు.

నియమంలో స్పష్టత లేకపోతే పరీక్షకు ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ద్వారం దగ్గర వాదించి గెలిచినా, ఆ కలవరంతోనే ప్రశ్నపత్రం తెరవవలసి వస్తుంది. అనుమతి లేదని తేలితే మాత్రం నా సలహా సూటిగానే ఉంటుంది: ప్యాడ్ లేని క్యాలిక్యులేటర్ కొని, ఇంట్లోనూ ప్రయోగశాలలోనూ దానినే వాడండి. ఇంట్లో ఒకటి, పరీక్షకు మరొకటి అన్న ఏర్పాటులో నష్టం ఉంది. వేళ్లు ఒక అమరికకు అలవాటుపడి, అసలు సమయంలో తప్పు బటన్ మీదికి వెళతాయి.

ప్రశ్న: మా తమ్ముడి క్యాలిక్యులేటర్ ప్యాడ్ మీద గీతలు చెరగడం లేదు. సెల్ మార్చినా లాభం లేకపోయింది. అసలు ఈ ప్యాడ్ ఎలా పనిచేస్తుంది? చదువుకు ఇది నిజంగా ఉపయోగమేనా?

జవాబు: మొదట వెనకవైపో అంచునో చిన్న లాక్ స్విచ్ ఉందేమో చూడండి. చాలా ప్యాడ్‌లలో, రాసినది పొరపాటున చెరిగిపోకుండా చెరిపే బటన్‌ను పనిచేయనివ్వని స్విచ్ ఒకటి ఉంటుంది. అది సంచిలో ఒరుసుకొని దానంతట అదే జరిగిపోతే ప్యాడ్ పాడైందని అనుకుంటాము. స్విచ్ సరిగానే ఉంటే, కొత్త సెల్ ధన ధ్రువం సరైన వైపు ఉందో లేదో చూసి, సెల్ తగిలే లోహపు పట్టీని పొడిగుడ్డతో తుడిచి మళ్లీ ప్రయత్నించండి.

ఇక పనితీరు. రెండు పలుచని ప్లాస్టిక్ పొరల మధ్య కొలెస్టెరిక్ అనే జాతి ద్రవ స్ఫటికం ఉంటుంది. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులు ఒక క్రమంలో ఉండే ఈ విచిత్ర స్థితిని 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ రైనిట్జర్ కొలెస్ట్రాల్ సంబంధిత పదార్థాలను వేడిచేస్తూ గమనించాడు. ఈ జాతిలో అణువులు మెలికలు తిరిగిన వరుసలలో ఉంటాయి. పెన్ను మొనతో నొక్కినచోట ద్రవం కదిలి, ఆ మెలికలన్నీ ఒకే దిక్కుకు సర్దుకొని, వెలుతురులోని ఒక రంగును తిప్పి పంపుతాయి. అదే మనకు కనిపించే ఆకుపచ్చని గీత. నొక్కని చోట అణువులు అలా సర్దుకొని ఉండవు కనుక, వెలుతురు వాటిని దాటిపోయి వెనకనున్న నల్లని పూత కనిపిస్తుంది. ఈ రెండు స్థితులూ స్థిరమైనవే కాబట్టి గీత నిలవడానికి కరెంటు అక్కరలేదు. చెరిపే బటన్ నొక్కినప్పుడు మాత్రం సెల్ నుంచి వచ్చే విద్యుత్ స్పందన మొత్తం పొరను ఒక్కసారిగా గీత పడకముందున్న స్థితికి తెస్తుంది. 2010లో అమెరికాలోని కెంట్ డిస్‌ప్లేస్ సంస్థ బూగీ బోర్డ్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చిన ప్యాడ్ కూడా ఈ సూత్రంతో పనిచేసేదే.

పెన్నులో సిరా గాని, విద్యుత్ భాగాలు గాని ఉండవు. అది పోతే మొద్దుబారిన మొన గల ఏ పుల్లైనా పనిచేస్తుంది, కానీ వాడిగా ఉన్నది వాడితే పొర మీద శాశ్వతమైన గాటు పడుతుంది. ఒత్తిడికే గీత పడుతుంది కనుక, బరువైన పుస్తకాల కింద ఉంచితే కూడా ఆ ఆనవాళ్లు కనిపిస్తాయి. మడిచే రకంలో ఎదురుగా ఉన్న బటన్లు ప్యాడ్‌ను తాకితే, విప్పినప్పుడు వరుసలు వరుసలుగా చుక్కలు కనబడతాయి. కొనేటప్పుడు ఒకసారి మడిచి, అరచేత్తో కొద్దిగా నొక్కి, విప్పి చూడండి. చుక్కలు పడితే ఆ అమరిక మంచిది కాదు. ప్యాడ్‌కు సొంత వెలుతురు లేదు కాబట్టి మసక వెలుగులో గీతలు ఆనవు.

చదువుకు ఉపయోగమా అన్నది మంచి ప్రశ్న. పలక ఎందుకు పనికి వస్తుందో ఇదీ అందుకే పనికి వస్తుంది. మధ్యలో వచ్చిన విలువను గుర్తు పెట్టుకోవడానికి, పటం గీసుకోవడానికి, ముఖ్యంగా బటన్లు నొక్కే ముందు జవాబు సుమారుగా ఎంత రావాలో అంచనా రాసుకోవడానికి చాలా బాగుంటుంది. 48.7×0.21 కనబడగానే ‘50లో ఐదో వంతు, దాదాపు 10’ అని రాసుకొనే విద్యార్థి, దశాంశ బిందువు తప్పుపడి తెర మీద 102.27 వస్తే వెంటనే పట్టుకుంటాడు. కానీ లెక్క సోపానాలన్నీ దాని మీద చేయనివ్వకండి. ఒక భాగాన్ని మాత్రమే చెరిపే సదుపాయం ఇలాంటి చిన్న ప్యాడ్‌లలో సాధారణంగా ఉండదు; చోటు చాలక చెరిపితే మొదటి సోపానాలు కూడా పోతాయి. జవాబు తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో చూపించేది ఆ సోపానాలే. చిత్తు పుస్తకాన్ని తీసివేసి దాని స్థానంలో ప్యాడ్ ఇవ్వడం విద్యార్థికి మేలు కాదు.

ప్రశ్న: పేరున్న సంస్థది కాని క్యాలిక్యులేటర్‌ను సరిగా లెక్కిస్తుందో లేదో కొనేటప్పుడే ఎలా పరీక్షించాలి?

జవాబు: ఐదారు నిమిషాలు చాలు. 2+3×4 నొక్కితే 14 రావాలి. 20 వస్తే అది ఎంత తళతళలాడినా సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ కాదు. రుణ గుర్తు నొక్కి 3, వర్గం నొక్కితే −9 రావాలి (వర్గం 3కే వర్తిస్తుంది, రుణ గుర్తుకు కాదు). డిగ్రీల స్థితిలో సైన్ 30 విలువ 0.5 రావాలి. −0.988 వస్తే యంత్రం రేడియన్లలో, 0.454 వస్తే గ్రేడియన్లలో (ఇవి కోణాన్ని కొలిచే వేరే ప్రమాణాలు) ఉందని అర్థం. అది యంత్రం లోపం కాదు, స్థితి మార్చాలి. ఏ స్థితిలో ఉన్నదీ తెర మీద స్పష్టంగా కనబడుతోందా అన్నది మాత్రం చూడండి. ఆ చిన్న గుర్తు మసకగా ఉండే తెరల వల్ల పోయే మార్కులు తక్కువేమీ కావు.

తరువాత 69 క్రమగుణితం (1 నుంచి 69 వరకు అన్ని సంఖ్యల లబ్ధం) అడగండి. 1.711224524×10⁹⁸ రావాలి. 70కి మాత్రం చాలా వాటిలో ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే అది 10¹⁰⁰ దాటిపోతుంది, కంగారు పడవద్దు. లోపల ఎన్ని అంకెలు దాచుకుంటుందో తెలియాలంటే 1÷3 చేసి, ఆ జవాబులోంచి 0.3333333333 తీసివేయండి. పది అంకెల తెర ఉన్న యంత్రం సున్నా చూపిస్తే కనబడే అంకెలే దాని పరిధి, 3.3×10⁻¹¹ వంటి చిన్న సంఖ్య మిగిలితే తెర వెనక అదనపు అంకెలు ఉన్నాయని అర్థం. పొడుగాటి లెక్కలలో చివరి అంకెలు తప్పకుండా కాపాడేవి అవే.

గణాంక స్థితిలో 2, 4, 4, 4, 5, 5, 7, 9 ఇచ్చి చూడండి. సగటు 5. ప్రామాణిక విచలనం మొత్తం సమూహానికైతే 2, నమూనాకైతే 2.138. రెండూ విడివిడిగా ఇచ్చేదే తీసుకోండి. చివరిగా 6÷2(1+2) నొక్కండి. కొన్ని యంత్రాలు 1 అంటాయి, కొన్ని 9 అంటాయి. గుణకార గుర్తు లేనిచోట ఏది ముందు చేయాలన్న దానిలో తయారీదారులు ఏకాభిప్రాయానికి రాలేదు. మీ యంత్రం ఏ పద్ధతి పాటిస్తుందో తెలుసుకొని, అలాంటి చోట బ్రాకెట్లు మీరే పెట్టుకోండి.

సౌరఫలకం కనిపించినంత మాత్రాన సెల్ అక్కరలేదని అనుకోవద్దు. వివరపత్రంలో ఏమని రాశారో చదవండి.

ప్రశ్న: ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పెద్దబ్బాయికి ఇది కొనవచ్చా?

జవాబు: సెల్ అరల మూతలు చూశాకే కొనండి. ప్యాడ్‌లో సాధారణంగా సీఆర్2032 వంటి 3 వోల్టుల బిళ్ల సెల్ ఉంటుంది, క్యాలిక్యులేటర్‌కు వేరే సెల్ ఉంటుంది; అంటే అరలు రెండు ఉండవచ్చు. రెండింటికీ స్క్రూ బిగించిన మూతలు ఉండాలి. గోటితో జరిపితే వచ్చేసే మూత ఉన్నదాన్ని పాప ఉన్న ఇంటికి తేవద్దు. బిళ్ల సెల్ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కొని, రెండు గంటల్లోనే లోపల తీవ్రమైన కాలిన గాయం చేయగలదు. వాడేసిన సెల్ కూడా ప్రమాదకరమే, అందుకని మార్చిన వెంటనే దానికి రెండు వైపులా టేపు చుట్టి పాపకు అందని చోట పెట్టండి. మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి అది బిళ్ల సెల్ అని ముందుగా చెప్పండి.