పదో తరగతి కోసం కొయ్యర్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఒక క్యాథలిక్ కాన్వెంటులో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచీ స్కూల్ కొయ్యర్‌లో, అంటే ప్రార్థన పాటలు పాడే బృందంలో పాడుతోంది. మేం క్రైస్తవులం కాదు, అయినా తనకు ఆ పాటలంటే ప్రాణం. డిసెంబరంతా ప్రాక్టీసంటూ ఇంటికి ఆలస్యంగా వచ్చింది, లెక్కల్లో మార్కులు తగ్గాయి. వచ్చే ఏడాది మాన్పించేద్దామని వాళ్ల నాన్నగారు అంటున్నారు. తనేమో సంగీతంలోనే కెరీర్ అంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించకండి. కానీ వచ్చే ఏడాది ఏ నెలలో ఎంత పాడాలో కొయ్యర్ చూసే సిస్టర్‌తో ఇప్పుడే మాట్లాడుకోండి.

కొయ్యర్ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జూన్‌లో బడి తెరిచాక ప్రారంభ పూజ, ఆగస్టు 15న జెండా వందనంతో పాటే మరియమాత మోక్షారోపణ పండుగ, సెప్టెంబరు 8న మరియమాత జన్మదినం, అక్టోబరంతా జపమాల. ఇవి చాలావరకు పిల్లలకు నోటికి వచ్చిన పాటలే కాబట్టి చదువుకు పెద్దగా అడ్డురావు. అసలు ఒత్తిడి క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో మొదలవుతుంది. కారల్స్, స్కూల్ ప్రోగ్రాములు, క్రిస్మస్ పూజ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మీరు చూసిన డిసెంబరు అదే. తర్వాత ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగ ఉంటుంది. గుణదల తిరునాళ్లు కూడా ఆ రోజుల్లోనే. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, అంటే తపస్సు కాలంలో మహిమ గీతం, అల్లెలూయా పాడరు. పాటలు నెమ్మదిగా, సాదాగా ఉంటాయి. మళ్లీ ఈస్టర్‌కు ముందటి పవిత్ర వారానికి బరువంతా వచ్చిపడుతుంది. చిక్కల్లా ఇక్కడే. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎప్పుడైనా రావచ్చు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు జరిగేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే.

అందుకని పదో తరగతిలో నవంబరు దాకా మామూలుగా పాడనివ్వండి. డిసెంబరులో క్రిస్మస్ పూజకు మాత్రం ఉండి, ఇంటింటి కారల్స్‌కు వెళ్లకుండా చూసుకోండి. సంక్రాంతి నుంచి పరీక్షలయ్యేదాకా పూర్తిగా సెలవు. పదో తరగతి ఫలితాల టెన్షన్ సిస్టర్లకు మీకంటే తక్కువేం ఉండదు. అడిగితే కాదనరు.

లెక్కల సంగతికి వస్తే, సెప్టెంబరులో జరిగిన పరీక్ష పేపర్ తీసి చూడండి. మార్కులు అప్పుడే తగ్గి ఉంటే తప్పు కొయ్యర్‌ది కాదు, అర్థం కాని పాఠం ఏదో ఉంది. ట్యూషన్ పెట్టించే ముందు అదేమిటో తేల్చుకోవాలి.

ఇక కెరీర్. మీ అమ్మాయి ఫస్ట్ వాయిస్ పాడుతుందా, సెకండ్ వాయిసా? సెకండ్ అయితే నాకు ఇంకా సంతోషం. పక్కనున్న అమ్మాయి అందరికీ తెలిసిన వరస పై స్థాయిలో పాడుతుంటుంది. తను కింది స్థాయిలో వేరే వరస పాడాలి. చెవి పక్క పాట వైపు లాగుతున్నా గొంతు జారకూడదు. కీబోర్డు లేకుండా పాడినప్పుడు బృందం మొత్తం తెలియకుండానే శ్రుతి దిగిపోతుంది. అది దిగుతోందని ముందుగా పసిగట్టే పిల్లలు ఒకరిద్దరే ఉంటారు. మీ అమ్మాయి వాళ్లలో ఉందేమో సిస్టర్‌నే అడగండి. ఉందంటే ఆ చెవి చాలా విలువైనది.

అయినా నిజం చెప్పాలి. స్కూల్ కొయ్యర్ అనుభవం ఒక్కదానితో ఉద్యోగం రాదు. విని పాడటం వచ్చిన పిల్లలు స్టాఫ్ నొటేషన్ (గీతల మీద గుర్తులతో స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చదవలేక ఆగిపోవడం నేను తరచూ చూస్తుంటాను. ఈ వేసవిలోనే నొటేషన్, కీబోర్డు మొదలుపెట్టించండి. ట్రినిటీ కాలేజ్ లండన్, ఏబీఆర్ఎస్ఎం సంస్థలు మన దేశంలోనూ 1 నుంచి 8 దాకా గ్రేడ్ పరీక్షలు పెడతాయి. ఇంటర్ తర్వాత పాశ్చాత్య సంగీతమే చదవాలంటే చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో ప్రారంభించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. కర్ణాటక సంగీతం వైపు మనసు పోతే, మీకు దగ్గర్లోనే విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్‌గా స్థిరపడటం కూడా మంచి దారే. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచర్ పోస్టులకు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. ప్రైవేటు స్కూళ్లు మాత్రం కీబోర్డు వాయిస్తూ పిల్లలతో పాడించగలిగే వారినే ఎక్కువగా చూస్తాయి.

చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాని దారి ఇంకొకటి ఉంది. బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యలకు చికిత్స నేర్పే కోర్సు. ఇంటర్ సైన్స్ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. మైసూరులో ఆయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ), సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం పేరున్నవి. స్వరంలో చిన్న తేడాను కూడా పట్టే చెవి ఉన్న అమ్మాయికి ఈ చదువు బాగా నప్పుతుంది, పాటను వదులుకోవాల్సిన పనీ లేదు.

మతం గురించి బంధువులు ఏమైనా అంటే కంగారు పడకండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, మైనరు పిల్లలు తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఆరాధనలో పాల్గొనాల్సిన అవసరం లేదని రాజ్యాంగం 28వ అధికరణలో స్పష్టంగా ఉంది. మీ అమ్మాయి ఇష్టపడి, మీరు సరేనన్నాకే పాడుతోంది.

ఇంటర్ గ్రూపు ఎంచుకునే నాటికి ఒక గ్రేడ్ పరీక్షయినా రాయించండి. ఆ ఫలితం, పదో తరగతి లెక్కల మార్కులు చేతికొచ్చాక మళ్లీ రాయండి, గ్రూపు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.